ఒకే తేదీన జరిగిన చారిత్రక ఘటనలు: ఏవి నిజంగా ఒకే రోజువి, ఏవి కావు?

దినదర్శిని (ప్రశ్న)

‘చరిత్రలో ఈ రోజు’ అని 366 పుటల పట్టిక ఒకటి తయారవుతోంది. తేదీకో పుట. ఆ తేదీన వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో జరిగిన రెండు మూడు పెద్ద ఘటనలను ఒక్కో పుటలో పక్కపక్కన పెట్టాలి. వాటి మధ్య సంబంధం ఉంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే లేదని చెప్పాలి. ముడిజాబితాలో ఇప్పటికి చేరినవి కొన్ని ఇవి:

ఏప్రిల్ 23, 1616: షేక్‌స్పియర్, సెర్వాంటిస్ ఒకే రోజు కన్నుమూశారు.
1642: గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు.
జూన్ 22: 1812లో నెపోలియన్, 1941లో హిట్లర్ రష్యా మీద దండెత్తారు.
జూలై 4, 1826: అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ మరణించారు.
జనవరి 30: 1649లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం, 1933లో హిట్లర్ ఛాన్సలర్ కావడం, 1948లో గాంధీ హత్య.
నవంబరు 9: జర్మనీలో 1918, 1923, 1938, 1989.
ఆగస్టు 15: 1945లో జపాన్ లొంగుబాటు ప్రకటన, 1947లో భారత స్వాతంత్ర్యం, 1948లో దక్షిణ కొరియా ప్రభుత్వ ఏర్పాటు.

వీటిలో ఏవి నిలుస్తాయి, ఏవి తీసేయాలి? పాత క్యాలెండరు తేదీలను మార్చి రాయాలా, ఉన్నవి ఉన్నట్టు ఉంచాలా? రెండు ఘటనలు ఒకే తేదీన పడటం కాకతాళీయమా, ఎవరైనా కావాలని ఆ తేదీ ఎంచుకున్నారా అన్నది తేల్చడానికి పద్ధతి ఉందా?

పాతలెక్క

మొదటి రెండూ తీసేయండి. మూడోదీ నిలవదు, కానీ దాని జబ్బు వేరు. అది చివర్లో.

పాత లెక్క అంటే జూలియన్ క్యాలెండరు, కొత్త లెక్క అంటే దాని బదులు వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండరు. ఆ మార్పు తెచ్చిన పోప్ 13వ గ్రెగరీ సంస్కరణ ప్రకారం 1582లో అక్టోబరు 4 గురువారం తర్వాత అక్టోబరు 15 శుక్రవారం వచ్చింది. స్పెయిన్ ఆ రోజే మారింది. ఇంగ్లండు 170 ఏళ్లు ఆగి, 1752లో సెప్టెంబరు 2 బుధవారం తర్వాత సెప్టెంబరు 14 గురువారానికి దూకింది. అంటే 1616లో మాడ్రిడ్ తేదీ లండన్ తేదీ కంటే 10 రోజులు ముందు నడుస్తోంది. షేక్‌స్పియర్ పోయిన ఏప్రిల్ 23 స్పెయిన్ లెక్కలో మే 3. అదీగాక సెర్వాంటిస్ మరణించింది 22న. 23 అన్నది ఖననం నమోదైన తేదీ. ఇద్దరి మధ్య 11 రోజుల ఎడం ఉంది. వారాన్ని బట్టి కూడా ఇది బయటపడుతుంది: 1616 ఏప్రిల్ 23 స్పెయిన్‌లో శనివారం, ఇంగ్లండులో మంగళవారం. షేక్‌స్పియర్ పుట్టిన రోజునే పోయాడన్న మాట కూడా చేర్చకండి. రికార్డులో ఉన్నది 1564 ఏప్రిల్ 26న జరిగిన బాప్టిజం మాత్రమే. పుట్టిన తేదీ 23 అన్నది తర్వాతి వాళ్లు వాడుకగా పెట్టుకున్నది. ఏప్రిల్ 23 పుట ఖాళీ అవుతుందనుకుంటే, యునెస్కో 1995లో ఆ తేదీని ప్రపంచ పుస్తక దినంగా ఎంచుకున్న సంగతి రాయొచ్చు. అది నిజమైన ఘటన.

గెలీలియో, న్యూటన్‌ల సంగతి ఇంకా గట్టి పాఠం. గెలీలియో మరణం 1642 జనవరి 8, కొత్త లెక్క. న్యూటన్ జననం 1642 డిసెంబరు 25, పాత లెక్క. ఇద్దరినీ కొత్త లెక్కలోకి తెస్తే 1642 జనవరి 8, 1643 జనవరి 4. ఇద్దరినీ పాత లెక్కలోకి తెస్తే 1641 డిసెంబరు 29, 1642 డిసెంబరు 25. ఏ ఒక్క క్యాలెండరులో చూసినా ఇద్దరూ ఒకే ఏడాదిలో పడరు. ఒకరి తేదీ ఒక క్యాలెండరు నుంచి, ఇంకొకరిది ఇంకో క్యాలెండరు నుంచి తీసుకుంటేనే ఆ మాట పుడుతుంది. దీని బదులు స్టీఫెన్ హాకింగ్‌ను తీసుకోండి: 1942 జనవరి 8న, గెలీలియో పోయి సరిగ్గా 300 ఏళ్లయిన రోజున పుట్టాడు, 2018 మార్చి 14న, ఐన్‌స్టీన్ పుట్టినరోజున (1879) పోయాడు. అన్నీ కొత్త లెక్క తేదీలే కాబట్టి ఈ రెండూ నిలుస్తాయి.

మార్చడానికి కలపాల్సిన రోజులు: 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, ఆ తర్వాత 13. అందరూ జారేది ఒక్క చోటే. ఘటన జరిగిన నాటి తేడా కలపాలి, ఇవాళ్టి తేడా కాదు. నెపోలియన్‌తో రష్యా చేసిన బొరొదినో యుద్ధం పాత లెక్కలో 1812 ఆగస్టు 26. 12 కలిపితే సెప్టెంబరు 7. కానీ రష్యా ప్రభుత్వ చట్టంలో ఆ విజయదినం సెప్టెంబరు 8గా ఉంది, ఎందుకంటే 20వ శతాబ్దపు 13 రోజులు కలిపారు. మీ పుటలో యుద్ధం 7న, స్మారక దినం 8న రావాలి.

మన పుస్తకాల్లోనూ ఈ చిక్కు తగులుతుంది. ఔరంగజేబు మరణాన్ని కొందరు 1707 ఫిబ్రవరి 20 అనీ, కొందరు మార్చి 3 అనీ రాస్తారు. రెండూ ఒకే రోజు. 11 రోజుల తేడా, అంతే. ఈస్టిండియా కంపెనీ సనదు 1600 డిసెంబరు 31, పాత లెక్క. కొత్త లెక్కలో 1601 జనవరి 10. ప్లాసీ యుద్ధం 1757 జూన్ 23 మాత్రం బ్రిటన్ మారిన తర్వాతది, దాన్ని ముట్టుకోవద్దు.

మొదటి చార్లెస్ దగ్గర ఇంకో మెలిక. మరణశాసనం మీద ఉన్న సంవత్సరం 1648. అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి జనవరి ఇంకా పాత ఏడాదిలోనే ఉంది. ఇవాళ్టి లెక్కలో 1649 జనవరి 30, పూర్తిగా కొత్త క్యాలెండరులోకి తెస్తే ఫిబ్రవరి 9. సంవత్సరం సవరించడం, రోజులు కలపడం రెండు వేర్వేరు పనులు. ఒకటి చేసి రెండోది మరిచిపోయిన పట్టికలు బోలెడు.

ఇక జూన్ 22. 1812లో ఆ తేదీన జరిగింది సైన్యానికి నెపోలియన్ ప్రకటన. సేనలు నీమన్ నది దాటింది జూన్ 24న. 1941లో మాత్రం జూన్ 22 తెల్లవారకముందే దాడి మొదలైంది. ఇక్కడ క్యాలెండరు తప్పేమీ లేదు. జత కుదరాలని రెండు రోజులు వెనక్కి లాగారు. అదే పుటకు వేరే జత ఉంది: 1940 జూన్ 22న కొంపియేన్ అడవిలో ఫ్రాన్స్ యుద్ధవిరమణ పత్రం మీద సంతకం చేసింది, సరిగ్గా ఏడాదికి రష్యా దాడి. అయితే రెంటికీ ముడి పెట్టకండి. రష్యా దాడి సన్నాహాలు మే 15కల్లా పూర్తి కావాలన్నది మొదటి ఆదేశం. అది వాయిదా పడి జూన్ 22 దగ్గర ఆగింది.

గడియారం

క్యాలెండరు సరిచూసుకున్నాక కూడా గడియారం మిగిలి ఉంటుంది. 1850ల తర్వాతి ఘటనలకు ఇదే పెద్ద తలనొప్పి, ఎందుకంటే తంతి వచ్చాక ఒక చోటి వార్త ఇంకో చోటి తేదీతో అచ్చయ్యేది.

పెర్ల్ హార్బర్ మీద దాడి హవాయిలో 1941 డిసెంబరు 7 ఉదయం. జపాన్ గడియారంలో డిసెంబరు 8 తెల్లవారుజామున 3 గంటలు దాటింది. అంతకు గంట పైచిలుకు ముందే మలయాలోని కోటా భారు తీరంలో జపాన్ సేనలు దిగాయి, కానీ అక్కడ అప్పటికే డిసెంబరు 8. ముందు జరిగినదానికి తర్వాతి తేదీ, తర్వాత జరిగినదానికి ముందు తేదీ! వీటిని తేదీల వరసలో పేరిస్తే కథ తలకిందులవుతుంది.

జర్మనీ లొంగుబాటు అమల్లోకి వచ్చింది మే 8 రాత్రి 11:01కి. మాస్కోలో అప్పటికే మే 9. పశ్చిమ ఐరోపా 8న, రష్యా 9న విజయదినం జరుపుకోవడానికి మూలం అదే. ఇక్కడ రెండు పుటల్లోనూ రాయడం తప్పు కాదు, కానీ ఒకే క్షణమని చెప్పాలి.

అపోలో 11 చంద్రుడి మీద దిగింది ప్రపంచ సమయం (UTC) ప్రకారం 1969 జూలై 20, 20:17కి. భారత సమయంలో అది జూలై 21 తెల్లవారుజామున 1:47. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది ప్రపంచ సమయంలో 21వ తేదీ 02:56, అమెరికా తూర్పు తీరంలో ఇంకా 20 రాత్రి 10:56. కాబట్టి ‘జూలై 20న చంద్రుడి మీద తొలి అడుగు’ అన్నది అమెరికా గడియారపు వాక్యం. దిగడం 20, అడుగు 21 అని విడదీసి రాస్తే ఏ గొడవా ఉండదు.

మీ పట్టికకు ఒక్క నియమం చాలు: భూమి మీది ఘటనకు జరిగిన చోటి స్థానిక తేదీ, అంతరిక్షంలో జరిగినదానికి ప్రపంచ సమయపు తేదీ. ఒకసారి పెట్టుకున్నాక జత కుదరడం కోసం దాన్ని తప్పకూడదు.

మొత్తం రోజులే మాయమైన చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో 1844 డిసెంబరు 31 లేదు. సమోవాలో 2011 డిసెంబరు 30 లేదు. అలాస్కా రష్యా చేతి నుంచి అమెరికాకు మారినప్పుడు క్యాలెండరు, అంతర్జాతీయ తేదీరేఖ రెండూ ఒకేసారి మారి, 1867 అక్టోబరు 6 శుక్రవారం తర్వాత అక్టోబరు 18 కూడా శుక్రవారమే అయింది.

సాక్ష్యం

కాకతాళీయమా, కావాలని చేసిందా అన్న ప్రశ్నకు వస్తాను. ముందు అడగాల్సింది: ఆ తేదీని ఎంచుకునే అధికారం ఎవరి చేతిలోనైనా ఉందా? చట్టం అమలు, ప్రమాణస్వీకారం, ఉరిశిక్ష, సంతకాల సభ వంటివాటికి ఎవరో ఒకరు తేదీ పెడతారు. భూకంపానికీ సహజ మరణానికీ ఎవరూ పెట్టరు. పెట్టగలిగే రకమైతే, ఘటనకు ముందే రాసిన నిర్ణయపత్రంలో పాత తేదీ ప్రస్తావన ఉందా అని వెతకాలి. ఘటన తర్వాత వెలువడ్డ వ్యాసాల్లో ‘యాదృచ్ఛికం కాదు’ అని రాసి ఉండటం సాక్ష్యం కిందికి రాదు.

మీ జాబితాలో నవంబరు 9 దీనికి మంచి పరీక్ష, ఎందుకంటే ఒక్క తేదీలోనే అన్ని రకాలూ ఉన్నాయి. 1918లో ఆ రోజు బెర్లిన్‌లో సోషల్ డెమొక్రాట్ నాయకుడు షైడమాన్ గణతంత్రం ప్రకటించాడు. కైజర్ (జర్మన్ చక్రవర్తి) గద్దె దిగాడన్న ప్రకటన కూడా ఆ రోజుదే, కానీ కైజర్ స్వయంగా పత్రం మీద సంతకం చేసింది నవంబరు 28న. కాబట్టి ‘కైజర్ రాజీనామా సంతకం’ అని 9న రాయకండి. 1923లో హిట్లర్ మ్యూనిక్‌లో తిరుగుబాటుకు దిగింది 8 రాత్రి, అది కుప్పకూలింది 9న. 1938 సంగతి వేరు. పారిస్‌లో నవంబరు 7న కాల్పులకు గురైన జర్మన్ దౌత్యోద్యోగి 9న చనిపోయాడు; 1923 తిరుగుబాటు స్మారకం కోసం నాజీ నాయకులంతా ఆ సాయంత్రం మ్యూనిక్‌లోనే ఒకచోట ఉన్నారు; ప్రచార మంత్రి గోబెల్స్ ప్రసంగం తర్వాత అక్కడి నుంచే యూదుల మీద దాడులకు ఆదేశాలు వెళ్లాయి. తేదీని ఎవరూ ముందుగా ఎంచుకోలేదు, కానీ పాత తేదీ మనుషులను ఒకచోట చేర్చింది. దీన్ని కాకతాళీయం అంటే తప్పు, పథకం అన్నా తప్పు. 1989 మాత్రం పూర్తిగా వేరు: తూర్పు జర్మనీలో కొత్త ప్రయాణ నిబంధనలు 10న అమల్లోకి రావాల్సి ఉంది. పత్రికా సమావేశంలో ఎప్పటినుంచి అని అడిగితే పాలక పార్టీ ప్రతినిధి షబోవ్‌స్కీ ‘వెంటనే’ అన్నాడు. జనం బెర్లిన్ గోడ దగ్గరికి వచ్చేశారు. బోర్న్‌హోల్మర్ వీధి గేటు తెరిచింది రాత్రి 11:30 ప్రాంతంలో. ఇంకో అరగంట ఆగి ఉంటే ఈ ఘటన మీ 10వ తేదీ పుటలో ఉండేది.

జనవరి 30 కూడా అలాంటిదే. మీరు రాసిన మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ చార్లెస్ పక్కన పెట్టాల్సింది వేరే ఉంది: రాజరికం తిరిగొచ్చాక, రాజు మరణశిక్షకు కారకుల్లో ఒకడైన క్రామ్‌వెల్ శవాన్ని తవ్వి తీసి లండన్ వధ్యస్థలమైన టైబర్న్‌లో వేలాడదీసింది 1661 జనవరి 30న, రాజు తల తీసిన తేదీనే, కావాలని. రెండూ పాత లెక్కే కాబట్టి మార్చినా మార్చకపోయినా తేదీలు కలిసే ఉంటాయి. హిట్లర్ పక్కన పెట్టదగ్గది 1945 జనవరి 30న సోవియట్ జలాంతర్గామి ముంచిన విల్హెల్మ్ గుస్ట్‌లోఫ్ ఓడ. ఎవరి పేరు ఆ ఓడకు పెట్టారో ఆ మనిషి పుట్టింది 1895 జనవరి 30న. ఇది ఎవరూ ఏర్పాటు చేయని కలయిక.

ఆగస్టు 15లో రెండు జతలూ నిలుస్తాయి. జపాన్ చక్రవర్తి రేడియో ప్రసంగం టోక్యోలో 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం. అధికారిక సంతకాలు సెప్టెంబరు 2న. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాధిపతిగా ఉన్న మౌంట్‌బాటన్, భారత స్వాతంత్ర్యానికి ఆ తేదీ పెట్టింది జపాన్ లొంగుబాటు రెండో వార్షికం కావడం వల్లేనని తర్వాత తనే చెప్పాడు. కొరియా 1948లో ఎంచుకున్నది తమ 1945 విముక్తి దినాన్ని. అంటే భారత్, కొరియా తేదీలకు మూలం ఒకటే. ఇది చాలా మందికి తెలియదు, తప్పకుండా రాయండి.

మీ జాబితాలో లేని జనవరి 26 ఇంకా శుభ్రమైన ఉదాహరణ. 1930 జనవరి 26 ఆదివారం పూర్ణ స్వరాజ్య దినంగా జరిగింది. రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. పౌరసత్వం, ఎన్నికల వంటి కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి, మిగతావి 394వ అధికరణ ప్రకారం 1950 జనవరి 26న. తేదీ పాతదాన్ని గుర్తు చేయడానికే. 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ రేవులో బ్రిటిష్ జెండా ఎగరేసిందీ జనవరి 26నే, 2001 గుజరాత్ భూకంపమూ జనవరి 26నే. వీటికి మొదటి రెండింటితో ఏ ముడీ లేదు.

కొన్నిసార్లు పత్రాలు చూస్తే ఉద్దేశం ఉండి కూడా తప్పిపోయినట్టు తేలుతుంది. వైకింగ్ 1 అంగారకుడి మీద 1976 జూలై 4న, అమెరికా ద్విశతాబ్ది రోజున దిగాలి. అనుకున్న చోటు ఎగుడుదిగుడుగా కనిపించి వాయిదా వేశారు. చివరికి దిగింది జూలై 20న, అపోలో దిగిన తేదీన. తలపెట్టింది తప్పింది, తలపెట్టనిది కలిసింది. ఏప్రిల్ 12 ఇంకొకటి: 1961లో గగారిన్ తొలి మానవ అంతరిక్ష యాత్ర, సరిగ్గా 20 ఏళ్లకు 1981లో కొలంబియా తొలి షటిల్ యాత్ర. వార్షికోత్సవం కోసం చేశారనుకుంటారు. నిజానికి షటిల్ 10న వెళ్లాలి. విమానంలోని ప్రధాన కంప్యూటర్లకూ అదనపు కంప్యూటరుకూ సమయం పొసగక ఆగిపోయి 12న ఎగిరింది.

జూలై 4, 1826 నిలుస్తుంది. జెఫర్సన్ (83) మధ్యాహ్నం, ఆడమ్స్ (90) సాయంత్రం పోయారు, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు. 1831లో అదే తేదీన మరో మాజీ అధ్యక్షుడు మన్రో. కాకపోతే 1776 జూలై 4ను ‘సంతకాల రోజు’ అనకండి. స్వాతంత్ర్యానికి ఓటు వేసింది 2న, పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువ మంది సంతకాలు చేసింది ఆగస్టు 2న.

దినదర్శిని

చాలా ఉపయోగపడింది. రెండు సందేహాలు మిగిలాయి. సెప్టెంబరు 11 వంటి కొన్ని తేదీలు కిక్కిరిసి ఉన్నాయి (1893 చికాగోలో వివేకానంద ప్రసంగం, 1906 జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో సత్యాగ్రహానికి నాంది పలికిన సభ, 1973 చిలీ సైనిక కుట్ర, 2001 దాడులు), కొన్ని పలచగా ఉన్నాయి. ఆ రద్దీకి అర్థం ఏమైనా ఉందా? రెండోది, స్ప్రెడ్‌షీట్‌లో ఏయే గడులు పెట్టుకోవాలి?

అంకెలు

అర్థం లేదు, లెక్క ఉంది. ఏ తేదీకైనా సమాన అవకాశం అనుకుని 23 ఘటనలు తీసుకుంటే, వాటిలో కనీసం రెండు ఒకే తేదీన పడే సంభావ్యత 50.7 శాతం. 23 ఘటనల్లో 253 జతలు ఉంటాయి కాబట్టి అంత త్వరగా సగం దాటుతుంది.

ఇప్పుడు మీ పట్టికలో 7,300 ఘటనలు ఉన్నాయనుకోండి, రోజుకు సగటున 20. గుడ్డిగా వెదజల్లినా అన్ని రోజులకూ ఇరవై రావు. నాలుగు రోజులకు పదో అంతకంటే తక్కువో వస్తాయి, అయిదు రోజులకు 30 దాటతాయి. సెప్టెంబరు 11 మీకు కిక్కిరిసినట్టు కనిపించడానికి ఇంకో కారణం 2001 తర్వాత అందరూ ఆ తేదీనే తవ్వడం. తవ్విన చోట ఎక్కువ దొరుకుతాయి.

నిజంగా ఆగి చూడాల్సినవి లెక్కకు అందని గుంపులు. జనవరి 1న చట్టాలు, ఒప్పందాలు అమల్లోకి వస్తాయి: 1993లో చెకొస్లొవేకియా విడిపోవడం, 1999లో యూరో. అమెరికా అధ్యక్షుల ప్రమాణాలు 1793 నుంచి 1933 దాకా మామూలుగా మార్చి 4న, 1937 నుంచి జనవరి 20న. వారి ఎన్నిక నవంబరు 2 నుంచి 8 మధ్యలోనే పడుతుంది. ఈ గుంపులన్నీ నియమం వల్ల పుట్టినవి, వీటిలో ఆశ్చర్యానికి చోటు లేదు.

అంతకంటే ప్రమాదకరమైనది ఉత్తుత్తి జనవరి 1. పుట్టిన ఏడాది మాత్రమే తెలిసినవాళ్లను డేటాబేస్‌లు జనవరి 1న పుట్టినట్టు బయటికి ఇస్తాయి. వికీడేటా అనే ఉచిత డేటాబేస్ ప్రతి తేదీకీ ఖచ్చితత్వపు అంకె ఉంచుతుంది: 11 అయితే రోజు తెలుసు, 10 అయితే నెల దాకా, 9 అయితే సంవత్సరమే. ఆ అంకె తీసుకోకుండా తేదీ మాత్రమే దింపుకుంటే మీ జనవరి 1 పుట అబద్ధపు జన్మదినాలతో నిండిపోతుంది. 11 కానివన్నీ మొదటే వడకట్టండి.

పాతలెక్క

గడుల గురించి. తేదీని ఒకే గడిలో పెట్టకండి. సంవత్సరం, నెల, రోజు మూడు వేర్వేరు అంకెలుగా ఉంచండి. ఎక్సెల్ 1900కు ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు, వాటిని మామూలు అక్షరాలుగా చూస్తుంది; వరస పేరిస్తే కలగాపులగం అవుతుంది. ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ తేదీలు ఎంత వెనక్కి వెళ్లినా గ్రెగోరియన్ లెక్కనే లాగుతాయి. జావాలోని పాత క్యాలెండరు వర్గం 1582 అక్టోబరు 15 దగ్గర దానంతట అదే జూలియన్‌కు మారుతుంది. ఒకే ఫైలును రెండింటిలో నడిపితే 1582కు ముందు తేదీలు వేర్వేరుగా వస్తాయి.

గడులు ఇవి పెట్టుకోండి: రికార్డులో ఉన్న తేదీ ఉన్నది ఉన్నట్టు, అది ఏ క్యాలెండరు, ఏ ఊరు, తెలిస్తే ఎన్ని గంటలకు, మార్చిన గ్రెగోరియన్ తేదీ, జూలియన్ రోజు సంఖ్య (క్యాలెండరుతో పని లేకుండా ఒక ప్రాచీన దినం నుంచి వరసగా లెక్కపెట్టిన రోజులు), వారం, ఖచ్చితత్వం. తర్వాత రెండు మాటల గడులు: ఆ రోజు సరిగ్గా జరిగిన పని ఏమిటి (ఓటా, సంతకమా, ప్రకటనా, అమలా), పక్క ఘటనతో సంబంధం ఏమిటి (ఎంచుకున్నది, పాత తేదీ ప్రభావం, కాకతాళీయం). ఈ చివరి గడి ఖాళీగా ఉన్న జతను అచ్చుకు పంపకండి.

జూలియన్ రోజు సంఖ్య ఎందుకంటే, అది తప్పులు పట్టిస్తుంది. 2000 జనవరి 1కి అది 24,51,545. 7తో భాగిస్తే శేషం 0 సోమవారం, 1 మంగళవారం, అలా 6 ఆదివారం. ఇక్కడ శేషం 5, శనివారం. పాత రికార్డులో వారం పేరు ఉంటే పోల్చి చూడండి, క్యాలెండరు తప్పుగా పట్టుకుంటే పది రోజుల తేడా వారాన్ని మూడు రోజులు జరిపేస్తుంది. మార్చే సూత్రం రాసుకున్నాక ఈ నాలుగూ పెట్టి పరీక్షించండి: 1600 డిసెంబరు 31 నుంచి 1601 జనవరి 10, 1707 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 3, 1812 ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 7, 1917 అక్టోబరు 25 నుంచి నవంబరు 7. నాలుగూ సరిగ్గా వస్తే నమ్మొచ్చు.

1582కు ముందువి, ఉదాహరణకు మొదటి పానిపట్టు యుద్ధం (1526 ఏప్రిల్ 21), మార్చవద్దు. చరిత్రకారులు వాటిని జూలియన్‌లోనే ఉంచుతారు. మీరు మార్చితే పాఠకుడు ఏ పుస్తకంతోనూ సరిచూసుకోలేడు.

గడియారం

పాతలెక్క గారు, 1582 తర్వాత కూడా అన్నీ మార్చమనడం లేదు కదా? మొదటి చార్లెస్‌ను ఫిబ్రవరి 9 పుటలో పెడితే ఎవరూ వెతికి పట్టుకోలేరు.

పాతలెక్క

నిజమే, అది స్పష్టంగా చెప్పాల్సింది. పుట జరిగిన దేశం వాడుకునే తేదీని బట్టే ఉండాలి: చార్లెస్ జనవరి 30, అక్టోబరు విప్లవం ఇవాళ రష్యాలో గుర్తించే నవంబరు 7. మార్చిన తేదీ పనికొచ్చేది జత కట్టేటప్పుడు. రెండు దేశాల ఘటనలు ‘ఒకే రోజు, ఒకే ఏడాది’ అని రాయబోతే మార్చిన తేదీలు కలవాలి. వేర్వేరు శతాబ్దాల ఘటనలైతే వాడుక తేదీలు కలిస్తే చాలు, పాత లెక్క అయితే పక్కన ఆ మాట ఉండాలి.

దినదర్శిని

ఫిబ్రవరి 29 పుటకు ఏమీ దొరకడం లేదు. వదిలేయాలా?

అంకెలు

వదలొద్దు. 400 ఏళ్లలో 97 సార్లే వస్తుంది కాబట్టి మిగతా పుటల్లో నాలుగో వంతు సరుకే ఆశించాలి. 1960లో అగాదిర్ భూకంపం, మొరాకో: రాత్రి 11:40కి, తేదీ మారడానికి ఇరవై నిమిషాల ముందు. ఒక్క జాగ్రత్త: ఎక్సెల్ 1900 ఫిబ్రవరి 29 ఉన్నట్టు చూపిస్తుంది, అది పాత సాఫ్ట్‌వేర్ నుంచి కావాలని కొనసాగించిన తప్పు. గ్రెగోరియన్‌లో ఆ రోజు లేదు. రష్యా పాత లెక్కలో ఉంది, మనకు మార్చి 13. స్వీడన్‌లో అయితే 1712లో ఫిబ్రవరి 30 కూడా ఉంది.

సాక్ష్యం

ఫిబ్రవరి 29కి మంచి జతే ఉంది. మొరార్జీ దేశాయ్ 1896లో, రుక్మిణీదేవి అరండేల్ 1904లో, ఇద్దరూ ఆ తేదీన పుట్టారు. 1977లో ప్రధానిగా ఉన్న మొరార్జీ ఆమెను రాష్ట్రపతి పదవికి నిలబెడతానంటే ఆమె వద్దన్నారు. సంబంధం గడిలో ‘కాకతాళీయం’ అని రాసి, రెండో వాక్యంగా ఇది పెట్టండి.